లంక గ్రామాల్లో సువార్త పని: కొత్త మందిరం కట్టే ముందు పాత గుడికి వెళ్లి రండి

బ్రదర్, వందనాలు.

చదివే మిగతావాళ్లకి కూడా తెలియాలి కాబట్టి మీరు అడిగింది ముందు రాస్తాను. మీది హైదరాబాద్‌లో స్వతంత్ర సంఘం. కోనసీమలో మీ అమ్మమ్మగారి ఊరి దగ్గర లంక గ్రామాల్లో, అంటే గోదావరి పాయల మధ్య ఊళ్లలో, మూడు రాత్రులు సువార్త సభలు పెట్టాలని, రక్షణ పొందినవాళ్లకు అక్కడే కాలువలో బాప్తీస్మం ఇవ్వాలని, తర్వాత మెయిన్ రోడ్డు పక్కన స్థలం కొని మందిరం కట్టి ఒక పాస్టర్‌ని పెట్టాలని అనుకుంటున్నారు. మీ సంఘస్తులు కానుకలు పోగుచేశారు, అమెరికాలో స్థిరపడిన బంధువులు కొంత పంపుతామన్నారు. ఏ ఊళ్లో మొదలుపెట్టాలి, ఏ నెలలో రావాలి అన్నది మీ ప్రశ్న.

ఏ ఊరన్నది తర్వాత చూద్దాం. మీరు రాసిన అంత పెద్ద ప్లాన్‌లో ఆ ఊళ్లలో ఇప్పటికే ఉన్న సంఘాల ఊసే లేదు. అక్కడ ఏ మిషన్ గుడి (మా పల్లెల్లో చర్చిని గుడి అనే అంటాం) ఉంది, కాపరి ఎవరు, ఆయన ఇల్లు ఎలా గడుస్తోంది, ఇవేవీ మీరు కనుక్కున్నట్టు లేదు. ఈ గోదావరి జిల్లాల పల్లెల్లోనే కాపరిగా పనిచేసి తల నెరిసినవాణ్ని, చనువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను తిరిగినంతలో గుడి లేని పేట, అంటే దళితవాడ, అరుదు. రెండో మూడో ఉన్న పేటలే ఎక్కువ. ఒక లూథరన్ గుడి, దాని వెనక సందులో ఒక బ్రదరన్ కూడిక, కాలువ గట్టు మీద రేకుల షెడ్డులో ఒక పెంతెకొస్తు ప్రార్థన. ఆదివారం పొద్దున పది గంటలకు మూడు మైకులూ ఒకేసారి మోగుతాయి. నాలుగోది మీరు తెస్తానంటున్నారు.

ఈ నేలకి సువార్త నిన్నా మొన్నా రాలేదు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కలిసి ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు వైపు స్థిరపడి పని మొదలుపెట్టాయి. గోదావరి డెల్టా మిషన్ అని పెద్దవాళ్లు ఇప్పటికీ అనేది దాన్నే. కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న రోజుల్లో ధవళేశ్వరం చేరిన కూలి జనం మధ్య కూడా వీళ్లు తిరిగారు. రాజమండ్రిలో 1845లో జర్మన్ మిషనరీలు మొదలుపెట్టిన పని తర్వాత అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1927లో ఏర్పడిన ఏఈఎల్‌సీకి (ఆంధ్రా లూథరన్ సంఘానికి) ఇటువైపు వేళ్లు అక్కడే ఉన్నాయి. కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు. 1874లో మెక్లారిన్ దొర కాకినాడ వచ్చాడని మిషన్ చరిత్రల్లో గొప్పగా రాస్తారు గానీ, అప్పటికే అక్కడ థామస్ గాబ్రియేల్ అనే మన తెలుగాయన సంఘం పెట్టి నడుపుతున్నాడు. ఆయన సాయం అడిగితేనే కెనడావాళ్లు కదిలారు. నూట యాభై ఏళ్ల కిందటే బయటినుంచి వచ్చినవాళ్లకి ముందున్నవాడు ఒకడున్నాడు. మీకు ఉండడా?

ఇక మూడు రాత్రుల సభల సంగతి. స్టేజీ, ఎల్ఈడీ స్క్రీను, సౌండ్ సిస్టమ్, పక్క మండలాల నుంచి ఆటోలు. జనం వస్తారు, అనుమానం లేదు. కానీ వచ్చేదెవరు? మామిడికుదురులో సభ అయితే రాజోలు నుంచి, రాజోలులో అయితే మలికిపురం నుంచి, ఉన్న విశ్వాసులే వస్తారు. చివరి రాత్రి "చేతులెత్తండి" అనగానే ఎత్తే చేతుల్లో చాలావరకు చిన్నప్పుడే సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పిన చేతులు. ఆ లెక్క హైదరాబాద్‌లో రిపోర్టుకి బాగుంటుంది. లంకలో మాత్రం మర్నాడు మిగిలేది తొక్కేసిన దాళ్వా (రెండో పంట) గట్లు, సౌండ్‌వాడికి ఇవ్వాల్సిన బ్యాలెన్సు.

బాప్తీస్మం దగ్గర ఇంకా పెద్ద చిక్కుంది. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబాల్లో పసిపిల్లలకే బాప్తీస్మం ఇస్తారు. బ్రదరన్, బాప్టిస్టు, పెంతెకొస్తువాళ్లు నమ్మాక నీళ్లలో ముంచి ఇస్తారు. మీదీ రెండో దారే అని మీ మాటల్లో తెలుస్తోంది, ఆ సిద్ధాంతం మీద నాకు పేచీ లేదు. కానీ సభల ఊపులో పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని కాలువలో దింపితే ఏమవుతుందో ఒక ఇంట్లో దగ్గరుండి చూశాను. వాళ్ల నాయనమ్మ లూథరన్. గుడికి గంట కొనిచ్చిన ఇల్లది. మనవడు తడి బట్టలతో ఇంటికొచ్చి "నాకు ఇవాళే అసలైన బాప్తీస్మం అయింది" అన్నాడు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి ట్రంకుపెట్టెలోంచి వాడి బాప్తీస్మపు సర్టిఫికెట్టు తీసి అరుగు మీద వాడి ముందు పెట్టి, పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ పండక్కి తండ్రి ఒక గుడికి, కొడుకు ఇంకో గుడికి. ఆ సభలు పెట్టినవాళ్లు అప్పటికే ఊరు దాటిపోయారు. ఇప్పటికే ఏదో ఒక సంఘం రిజిస్టర్లో పేరున్న మనిషికి, ఆ సంఘ కాపరితో మాట్లాడకుండా బాప్తీస్మం ఇవ్వమని, కనీసం మొదటి రెండేళ్లూ మీకు మీరే ఒక నియమం పెట్టుకోండి.

అసలు విషయం రోడ్డు పక్క స్థలం. ఆ మాట చదవగానే నాకు అర్థమైంది. పేట లోపల గుడి కడితే ఊళ్లోవాళ్లు, అంటే మిగతా కులాలవాళ్లు, రారు, రోడ్డు మీద కడితే వస్తారని మీకెవరో చెప్పి ఉంటారు. నిజమే, ఊళ్లో గుట్టుగా నమ్మినవాళ్లు ఉన్నారు. యూట్యూబ్‌లో వాక్యం వింటారు. పిల్లాడికి జబ్బు చేస్తే చీకటి పడ్డాక అయ్యగారి ఇంటికొచ్చి ప్రార్థన చేయించుకుంటారు. పొద్దున్నే ఎదురుపడితే పలకరించరు. పేట గుడిలో చాప మీద కూర్చోవడం వాళ్లకి ఇష్టం ఉండదు. మన సంఘాల్లో దాచుకున్న పుండు ఇది. ఇంతెందుకు, మాల పేటకో గుడి, మాదిగ పేటకో గుడి ఉన్న ఊళ్లున్నాయి, రెండింటి మీదా ఒకే మిషన్ బోర్డు. 2022 మేలో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టే గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డ సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ వేడి పూర్తిగా చల్లారిందని నేను అనను.

పేటవాళ్లతో కూర్చోనక్కర్లేని గుడి ఒకటి రోడ్డు మీద కట్టి పెడితే జనం చేరొచ్చు, కానుకలూ బాగా రావచ్చు. నా మట్టుకు అది సువార్త పని కాదు, ఊళ్లో ఉన్న గోడకి సున్నం వెయ్యడం. దీంతో ఒప్పుకోని దైవజనులున్నారు. ముందు రానివ్వండి, ఎదిగాక వాళ్లే కలుస్తారు అంటారు. అలా కలిసిన సంఘం ఒక్కటి చూపించమని నేను అడుగుతూనే ఉన్నాను. రాత్రిళ్లు వచ్చేవాళ్లని వదిలెయ్యమని నా ఉద్దేశం కాదు. వాళ్లింటికి వెళ్లండి, ప్రార్థన చేయండి. వెళ్లేటప్పుడు పేట పాస్టర్‌గారిని పక్కన తీసుకెళ్లండి. ఆయనకీ కుర్చీ వేస్తారా, ఆయన తాగిన గ్లాసు ఏం చేస్తారు, గమనించండి. మీరు ఎంత లోతుకి దిగాలో అక్కడే తెలిసిపోతుంది.

బాప్తీస్మంతో పాటు వచ్చే కాగితాల సంగతి చాలామంది బోధకులు జనానికి చెప్పరు. మీరు చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు, వాళ్ల సంతానం బీసీ-సీ కిందకి వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. 2025 ఏప్రిల్ చివర్లో మన హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పిచ్చింది. అంటే మీరు కాలువ గట్టున తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే ఒక్క ఫోటో, డిగ్రీ చదివే పిల్ల సీటు మీదకో, ఎవరో కులం పేరుతో తిడితే పెట్టుకున్న కేసు మీదకో రావచ్చు. అబద్ధం చెప్పమని ఎవరికీ నేర్పకండి. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఈ సంగతి వివరంగా చెప్పి, ఆలోచించుకోవడానికి టైమివ్వండి. ఫోటోలు మాత్రం అసలు తియ్యొద్దు. పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రులు పక్కన లేకుండా ఏదీ చెయ్యొద్దు.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి తతిమ్మావి కూడా. మైకుకి పోలీస్ పర్మిషన్ తీసుకోండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ కుదరదు, ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నియమాల్లోనే ఉంది. స్టేజీ మీద ఇంకొకరి దేవుణ్ని కించపరిస్తే అది ఫోన్లలో రికార్డవుతుంది. భారతీయ న్యాయ సంహితలో 299 సెక్షన్ అందుకే ఉంది. సెక్షన్ లేకపోయినా అది మర్యాద కాదు. అంతర్వేది నరసింహస్వామి కళ్యాణానికి రథం లాగే ఊరివాళ్లతోనే రేపు మీ పాస్టర్ బతకాలి. పోస్టర్ మీద "క్యాన్సర్, షుగర్, ఫిట్స్ మాయం" అని వెయ్యొద్దు. మంత్రమహిమలతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనల మీద 1954 నుంచీ చట్టం ఉంది. స్వస్థత ప్రార్థన చేసే ప్రతిసారీ, ఆమేన్ అన్న వెంటనే, "మాత్రలు ఆపకండి, డాక్టర్ చెప్పేదాకా వేసుకోండి" అని మైకులో చెప్పండి. ఫిట్స్ మాత్రలు సడన్‌గా ఆపేస్తే ప్రాణం మీదకి వస్తుంది. నర్సాపురంలో, రాజమండ్రిలో ఆసుపత్రులు కట్టిన మిషన్లు మనవి. ప్రార్థననీ మందునీ ఎదురెదురు నిలబెట్టే బోధ మధ్యలో ఎక్కడి నుంచి దూరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మరి ఏం చెయ్యాలి? ఉన్న సంఘం చేతికింద పని చెయ్యండి. ఆ సంఘం ఒంటరిగా ఎత్తలేని బరువు ఏదో చూసి దానికి భుజం పట్టండి.

పల్లె పాస్టర్ బతుకు చూడండి ముందు. ఆదివారం కానుకల సంచిలో పడేది చిల్లర, పది నోట్లు. ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచేటప్పుడల్లా తీసి పెట్టే గుప్పెడు బియ్యం ఉంటుంది. ఏడాదికోసారి పంట పండుగ. ఆ రోజు గుడిలో ఉండాలి మీరు. బల్ల ముందు గుమ్మడికాయలు, కొబ్బరి గుత్తులు, కొత్త బియ్యం బస్తా, కాళ్లు కట్టేసిన నాటుకోడి పుంజు. ఆరాధన అవగానే సంఘ పెద్ద వేలం మొదలుపెడతాడు. ఒక అరటి గెలని కువైట్ నుంచి వీడియో కాల్‌లో పాడిన చెల్లెమ్మని చూశాను. ఇక్కడ ఫోన్ పట్టుకున్న తమ్ముడు "అక్క ఇంకో వంద పెంచమంటోంది" అని అరుస్తున్నాడు. ఆ గెల బజారులో అమ్మితే వచ్చేదానికి పదింతలకి పాడి, మళ్లీ గుడికే ఇచ్చేసింది. పాస్టర్‌గారింటి పైకప్పు ఇలాంటి డబ్బుతోనే బాగవుతుంది. మీరు కొత్త పాస్టర్‌కి ఇద్దామనుకున్న జీతంలో సగంతో ఇప్పుడున్న ఆయన బండి పెట్రోలు, పిల్లల ఫీజు గట్టెక్కుతాయి. డబ్బు నేరుగా ఆయన చేతిలో కాకుండా సంఘ పెద్దలకి తెలిసేలా ఇవ్వండి, లేకపోతే లేనిపోని మాటలొస్తాయి. ఇంకొకటి, పాస్టర్ పోతే పాస్టరమ్మగారు ఆ మిషన్ ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆవిడ ఎక్కడికి పోతుందని అడిగే సంఘాలు తక్కువ.

కువైట్ మాట వచ్చింది. ఈ లంకల్లో ఎన్నో ఇళ్లలో అమ్మ గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఖద్దామా పనికి, అంటే అరబ్బుల ఇళ్లలో ఇంటిపనికి, వెళ్లినవాళ్లు. మీ యూత్ టీమ్‌కి అసలైన పొలం ఇదీ. ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్ లాంటి చోట్ల పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరైనది) ఉన్న మహిళకి 30 ఏళ్లు నిండకపోతే ఇంటిపనికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రాదు. అందుకే ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు. అక్కడ దిగాక చెప్పిన జీతం ఉండదు, పాస్‌పోర్టు యజమాని లాక్కుంటాడు. వెళ్లే ముందు ఏజెంటుకి లైసెన్సు ఉందా లేదా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసి చెప్పేవాళ్లు, పాస్‌పోర్టు వీసా కాపీలు గుడిలో ఒక ఫైల్లో దాచేవాళ్లు, కష్టం వస్తే ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి (విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన సంస్థకి) ఫోన్ చేసేవాళ్లు ఊళ్లో ఉంటే ఎంత ధైర్యమో ఆ ఇళ్లవాళ్లని అడగండి. మీ టీమ్‌లో కంప్యూటర్ వచ్చిన పిల్లలున్నారు కదా, ఇది నేర్పించడానికి రండి. సాయంత్రం అమ్మమ్మల దగ్గరున్న పిల్లలకి ట్యూషన్ చెప్పించండి, అందరి పిల్లలకీ, పేటా ఊరూ అని చూడకుండా. ట్యూషన్‌కి రావాలంటే ప్రార్థనలో కూర్చోవాలన్న షరతు పెట్టకండి. పెట్టారంటే రెండో వారానికి ఊళ్లో పిల్లలు మానేస్తారు, మూడో వారానికి పంచాయతీలో గొడవ.

ఏ నెల అన్నారు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంకలకి పడవలే దిక్కు. 2022 జూలై వరదలప్పుడు చూశాంగా. అప్పుడు వచ్చేదుంటే సభలకి కాదు, తాగునీళ్లు, పాలపొడి, పశువుల దాణా పట్టుకుని రండి. మతం చూడకుండా పంచండి, కరపత్రాలు ఆ రోజుకి ఇంట్లో వదిలెయ్యండి. ఆకలి మీదున్నవాడి చేతిలో అన్నంతో పాటు కరపత్రం పెడితే అది ఎరలా కనబడుతుంది. సార్వా (వానాకాలం పంట) నాట్లు, కోతలప్పుడు ఆడవాళ్లు పొద్దు గూకాక గానీ ఇంటికి రారు. సంక్రాంతికి ప్రభల తీర్థం, కోడిపందేల హడావిడి, ఎవరూ వినరు. సంక్రాంతి దాటాక దాళ్వా నాట్లు అయిపోయి కాస్త ఊపిరి పీల్చుకునే ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి. సరిగ్గా అప్పుడే శ్రమకాలం (ఈస్టర్ ముందు నలభై రోజుల) కూడిక ప్రార్థనలు ఇంటింటా జరుగుతుంటాయి, రోజుకో ఇంట్లో. మే నెలలో వీబీఎస్‌కి (సెలవుల బైబిల్ బడికి) పిల్లలు దొరుకుతారు గానీ ఎండలకి మీ హైదరాబాద్ పిల్లలు తట్టుకోవాలి.

అమెరికా డబ్బు గురించి ఒక్క ముక్క. పంపేవాళ్లు ఇంకా భారత పౌరులే అయితే బ్యాంకు ద్వారా సొంత సంపాదన పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందకే వస్తుంది, మీ సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా పైసా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బుని ఇంకో సంస్థకి మళ్లించకూడదు. "మా ఫ్రెండ్ సొసైటీలో వేయించి తీసుకుంటాం" అనే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. స్థలం కొనే సంగతి రెండేళ్ల పాటు ఎత్తకండి. లంకలో ఏటిగట్టు అవతల భూమి అయితే అసలే వద్దు, కోతకి సమాధులే కొట్టుకుపోయిన ఊళ్లున్నాయి.

మొదటిసారి నలుగురే రండి, అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. నర్సాపురం దాకా రైలుంది, రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కితే సఖినేటిపల్లి. అక్కడి నుంచి ఆటో. శనివారం సాయంత్రానికి చేరి మీ అమ్మమ్మగారి ఊరి పాత గుడి అయ్యగారిని, అమ్మగారిని కలిసి, ఆ రాత్రి వాళ్లింట్లోనే భోంచెయ్యండి. బియ్యం, కూరగాయలు మీరే పట్టుకెళ్లండి, వాళ్లకి ఇబ్బంది కాకుండా. ఆదివారం ఆరాధనలో కూర్చోండి. హైదరాబాద్ నుంచి వచ్చారని వాక్యం చెప్పమంటారు, ఈసారికి వద్దనండి. మధ్యాహ్నం ఆయన ఇళ్లు దర్శించడానికి వెళ్తారు, వెనకాల నడవండి. సోమవారం ఆ ఊళ్లో మిగతా కూడికల పాస్టర్లనీ, సర్పంచ్‌గారినీ కలిసి బయలుదేరండి. తర్వాత ఏ ఊరు, ఏ పని అన్నది నన్ను కాదు, వాళ్లనే అడగండి.